సోడియానికి ఎనిమిది మీద మమకారం లేదు

మా అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఉండే పదో తరగతి అమ్మాయి పోయిన నెల ఒక ఆదివారం ఉదయం తన రసాయనశాస్త్రం పరీక్ష పేపరు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. వాళ్ళది కావలి, మాది గూడూరు. చెన్నై క్రోంపేటలో ఒకే కప్పు కింద ఉంటున్నందువల్ల ఆ పిల్లకు నేను తాతగారిని అయ్యాను. సోడియం, క్లోరిన్ కలిసి సోడియం క్లోరైడ్‌గా ఎందుకు మారతాయన్న రెండు మార్కుల ప్రశ్నకు ఆమె ఇలా రాసింది: సోడియం నుంచి ఎలక్ట్రాన్‌ను తీయడానికి శక్తి ఖర్చవుతుంది, క్లోరిన్ ఆ ఎలక్ట్రాన్‌ను తీసుకున్నప్పుడు వచ్చే శక్తి ఆ ఖర్చుకు చాలదు, తక్కువపడినది, అంతకు మించినది కూడా, ఆవేశం వచ్చిన ఆ రెండు పరమాణువులు, అంటే అయాన్లు, ఒకదాన్నొకటి ఆకర్షించుకుని స్ఫటికంగా చేరినప్పుడు వస్తుంది. పక్కన ఎర్ర సిరాతో సున్నా ఉంది. దాని కింద "ఆక్టెట్ ఏదీ?" అన్న ప్రశ్న ఉంది. ఆక్టెట్, అంటే అష్టకం, పరమాణువు బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు నిండటం.

"తాతగారూ, నేను రాసింది తప్పా?" అని అడిగింది. తప్పు కాదనీ, పాఠంలో ఉన్న జవాబు కన్నా ఇదే సరైనదనీ చెప్పాను. అలా చెప్పిన తరువాత, ఒక ఉపాధ్యాయుడి మార్కును పిల్ల ముందు కొట్టివేసినందుకు కొంత ఇబ్బంది కలిగింది. అందుకే నా మాటకు కారణాలను తీరికగా రాయాలనిపించింది. ఎనిమిది ఎలక్ట్రాన్లు పూర్తి చేసుకోవడానికే పరమాణువులు బంధాలు ఏర్పరచుకుంటాయని మనం పిల్లలకు చెప్పడం మానుకోవాలని నా అభిప్రాయం. అష్టక నియమం ఎలక్ట్రాన్లను లెక్కపెట్టుకోవడానికి మంచి గుర్తు. అయితే బంధం ఎందుకు ఏర్పడుతుందన్న ప్రశ్నకు అది జవాబు కాదు. ఆ జవాబు శక్తి లెక్కలో ఉంది, ఆ లెక్క పదో తరగతి పిల్లలకు అందనిదేమీ కాదు. ఈ పిల్ల తన అన్నయ్య ప్లస్ వన్ (పదకొండో తరగతి) పుస్తకం వెనక ఉన్న పట్టిక చూసి, కూడికలు తీసివేతలతోనే అక్కడికి చేరుకుంది.

ఆ పట్టికలో ఆమె చూసిన అంకెలు ఇవి. వాయుస్థితిలో ఉన్న ఒక మోల్ (పరమాణువులను లెక్కపెట్టే ఒక స్థిరమైన పెద్ద సంఖ్య) సోడియం పరమాణువుల నుంచి ఒక్కొక్క ఎలక్ట్రాన్‌ను పెరికివేయడానికి 496 కిలోజౌళ్ళు కావాలి. క్లోరిన్ పరమాణువులు వాటిని స్వీకరించినప్పుడు 349 కిలోజౌళ్ళు తిరిగి వస్తాయి. అంటే ఇచ్చిపుచ్చుకోవడం పూర్తయ్యేసరికి 147 కిలోజౌళ్ళ నష్టం మిగులుతుంది. రెండు పక్షాలకూ ఎనిమిది సమకూరింది, అయినా ఖాతా అప్పులోనే ఉంది. స్థిరత్వం ఎనిమిది వల్లనే వచ్చేటట్లయితే ఈ అప్పు ఉండకూడదు.

ఆమె చూడని అంకె ఇంకొకటి నేను చూపించాను. ఒంటరి సోడియం పరమాణువుకు మనమే ఒక ఎలక్ట్రాన్‌ను ఇస్తే, అది తీసుకుంటుంది, పైగా మోల్‌కు సుమారు 53 కిలోజౌళ్ళ శక్తి విడుదలవుతుంది. ఇవ్వమంటే 496 అడిగే పరమాణువు, తీసుకోమంటే 53 తానే తిరిగి ఇస్తుందన్నమాట. ఎలక్ట్రాన్‌ను వదిలించుకోవాలని సోడియం తహతహలాడుతూ ఉంటుందన్న పాఠం నిజానికి ఎంత దూరంగా ఉందో ఈ ఒక్క అంకె చెబుతుంది. రుణావేశం గల సోడియం అయాన్ ఉన్న స్ఫటికాన్ని 1974లో జేమ్స్ డై బృందం తయారు చేసి చూపింది కూడా.

ఆక్సిజన్ సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఆక్సిజన్‌కు రెండు ఎలక్ట్రాన్లు చేరితే ఎనిమిది పూర్తవుతాయని పిల్లలందరికీ తెలుసు. మొదటిది చేరినప్పుడు 141 కిలోజౌళ్ళు వస్తాయి. రెండోదాన్ని చేర్చాలంటే మాత్రం ఏడు వందల కిలోజౌళ్ళకు పైగా మనమే పెట్టాలి. ఎదురుగా ధనావేశం లేని శూన్యంలో ఆ ఆక్సైడ్ అయాన్ నిలవదు. ఎనిమిది పూర్తయినా రెండో ఎలక్ట్రాన్ బయటికి వెళ్ళిపోతుంది. మెగ్నీషియం ఆక్సైడ్ స్ఫటికంలో అదే అయాన్ నిక్షేపంగా ఉండటానికి కారణం దాని చుట్టూ అన్ని వైపులా ఉన్న మెగ్నీషియం అయాన్ల ఆకర్షణ.

ఇచ్చిపుచ్చుకోవడాల భాష

గూడూరులో మాకు రసాయనశాస్త్రం చెప్పిన మాస్టారు చాలా మంచి ఉపాధ్యాయుడు. ఆయన సోడియాన్ని కన్యాదాతగా, క్లోరిన్‌ను వరుడి పక్షంగా నిలబెట్టి అయానిక బంధాన్ని చెప్పారు. ఎలక్ట్రాన్లను పంచుకునే సమయోజనీయ బంధానికి వచ్చేసరికి అది ఉమ్మడి కుటుంబం అయింది, పంచుకునే జంటను ఒకరే తెచ్చే సమన్వయ సమయోజనీయ బంధం ఇల్లరికం అయింది. క్లాసు మొత్తం నవ్వింది, ఎవరమూ మరచిపోలేదు. యాభై ఏళ్ళ తరువాత కూడా నాకు ఆ పాఠం వరసగా గుర్తున్నదంటే ఆ ఉపమానాల బలమే కారణం.

మన భాషలో ఆ మాటే అటువంటిది. బంధంలో బంధువు ఉన్నాడు, సంబంధం ఉంది, బంధించే తాడూ ఉంది. బంధం అనగానే తెలుగు పిల్లవాడి మనసులో ఇద్దరు మనుషులు, వారి ఇష్టాయిష్టాలు, వారిని కట్టి ఉంచే ఒక దారం మెదలుతాయి. ఈ మూడింటిలో ఏదీ పరమాణువుల మధ్య లేదు. అక్కడ ఉన్నవి ధనావేశం గల కేంద్రకాలు, రుణావేశం గల ఎలక్ట్రాన్లు, వాటి ఆకర్షణ వికర్షణలు, ఎలక్ట్రాన్‌కు తరంగ స్వభావం వల్ల వచ్చిన నియమాలు. మాట మార్చాలని నేను అనడం లేదు. ఆ మాట మోసుకువచ్చే బొమ్మ ఎక్కడ ఆగిపోవాలో పాఠం చెప్పే వారు చెప్పాలని మాత్రమే అంటున్నాను.

ఉపమానం వల్ల నష్టమేమిటని అడగవచ్చు. నష్టం ఆ పాఠంలో కనిపించదు, రెండేళ్ళ తరువాత కనిపిస్తుంది. బంధాన్ని ఒక కోరిక తీరడంగా, కట్టిన దారంగా ఊహించుకున్న పిల్లలు, ఆ దారంలో శక్తి దాచి ఉంటుందనీ, దాన్ని తెంచితే ఆ శక్తి బయటికి వస్తుందనీ అనుకుంటారు. నేను లెక్కలు చూపించిన పిల్లల్లో చాలామంది, ఇంజనీరింగ్ చదువుతున్నవారితో సహా, గ్యాస్ పొయ్యి వెలిగినప్పుడు వేడి ఎక్కడి నుంచి వస్తుందంటే బంధాలు తెగడం వల్ల వస్తుందనే చెప్పారు. మీథేన్‌నే తీసుకుందాం. ఒక మోల్ మీథేన్‌లోని నాలుగు బంధాలను, దాన్ని మండించే రెండు మోళ్ళ ఆక్సిజన్‌లోని బంధాలను తెంచడానికి సుమారు 2,650 కిలోజౌళ్ళు మనం పెట్టాలి. కార్బన్ డయాక్సైడ్, నీరు ఏర్పడినప్పుడు కొత్త బంధాల వల్ల సుమారు 3,450 కిలోజౌళ్ళు వస్తాయి. పొయ్యి మీద పాలు కాగేది ఈ తేడా అయిన 800 కిలోజౌళ్ళతో. బంధాన్ని తెంచడం ఎప్పుడూ ఖర్చే, ఏర్పడటం ఎప్పుడూ రాబడే. ఈ ఒక్క వాక్యం మొదటి రోజునే గట్టిగా పడితే ఆ తరువాత థర్మోడైనమిక్స్ పాఠం సగం తేలికవుతుంది. కోరికల కథతో మొదలుపెట్టినవారు దాన్ని మళ్ళీ మరచిపోవలసి వస్తుంది.

ట్యానరీలో నేర్చుకున్నది

నా అభిప్రాయం పుస్తకాల వల్ల కాక తోళ్ళ వల్ల ఏర్పడింది. పల్లావరం వైపు ఒక ట్యానరీలో, అంటే తోళ్ళు శుద్ధి చేసే కర్మాగారంలో, నేను కెమిస్టుగా చేరినప్పుడు నా వయసు ఇరవై మూడు. మా క్రోంపేటకు ఆ పేరు వచ్చిందే క్రోమ్ లెదర్ కంపెనీ వల్ల. క్రోమ్ టానింగ్ అంటే పచ్చి చర్మంలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులను క్రోమియంతో ఒకదానికొకటి బంధించడం. ఆ పోగుల అంచుల్లో కార్బాక్సిల్ సమూహాలు (కార్బన్, ఆక్సిజన్, హైడ్రోజన్ ఉన్న ఆమ్ల భాగాలు) ఉంటాయి, క్రోమియం వాటిని పట్టుకుంటుంది. ఒకే క్రోమియం సముదాయం రెండు పక్క పోగులను పట్టుకుంటే చర్మం తోలు అవుతుంది, కుళ్ళదు.

ఈ పనిలో కీలకం ఏమిటంటే, మొదట బంధం ఏర్పడకుండా చూడాలి. చర్మాన్ని పికిల్‌లో, అంటే ఉప్పు, ఆమ్లం కలిపిన నీటిలో, పీహెచ్ సుమారు 3కు దించి ఉంచుతాం. పీహెచ్ ఎంత తక్కువైతే ఆమ్లత్వం అంత ఎక్కువ. ఆ ఆమ్లంలో కార్బాక్సిల్ సమూహాలు తమ హైడ్రోజన్‌ను వదలవు, కాబట్టి క్రోమియానికి పట్టు దొరకదు. పట్టు దొరకనందువల్లనే అది దారిలో ఎక్కడా ఆగకుండా చర్మం మధ్య వరకు చొచ్చుకుపోతుంది. కోసి చూసినప్పుడు నీలం రంగు అడ్డంగా అంతటా కనిపించిన తరువాత, సోడా బైకార్బనేట్‌ను కొద్దికొద్దిగా డ్రమ్ములో పోస్తూ పీహెచ్‌ను 4 దగ్గరకు తెస్తాం. అప్పుడు హైడ్రోజన్లు ఊడి, కార్బాక్సిల్ సమూహాలకు రుణావేశం వచ్చి, అప్పటికే పక్కన చేరి ఉన్న క్రోమియాన్ని అవి పట్టుకుంటాయి.

చేరిన మొదటి ఏడాది ఒక రాత్రి షిఫ్టులో నేను ఆ బైకార్బనేట్‌ను విడతలు తగ్గించి త్వరగా పోయించాను. ఉదయం తోలు పైకి చక్కటి నీలంగానే ఉంది. మా సీనియర్ కెమిస్టు మెడ దగ్గర మందంగా ఉన్న చోట ఒక చిన్న ముక్క కోసి, దాన్ని కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీత గీశారు. తరువాత ముక్కను మరుగుతున్న నీళ్ళలో మూడు నిమిషాలు ఉంచారు. మేము దీన్ని బాయిల్ టెస్ట్ అంటాం. సరిగా క్రోమ్ పట్టిన తోలు ఆ నీళ్ళలో నుంచి తీసినా గీతకు సరిపోతుంది. నా ముక్క అంచులు పైకి లేచి, దొన్నెలా ముడుచుకుపోయింది. గీతకు లోపల వేలెడు ఖాళీ కనిపించింది. కోసిన అంచును వెలుతురుకు పెట్టి చూస్తే రెండు వైపులా నీలం చారలు, వాటి మధ్య పాలిపోయిన పసుపు గీత. పైన తొందరగా ఏర్పడిన బంధాలు లోపలికి వెళ్ళే దారిని మూసివేశాయి. ఆయన ఒక్క మాట అనకుండా ఆ కాగితాన్ని నా చేతికి ఇచ్చారు. ఆ డ్రమ్ములోని సరుకును తిరిగి పనికి తీసుకురావడానికి మాకు మూడు రోజులు పట్టింది.

ఆ రోజు నాకు బోధపడినది ఇది. క్రోమియం అదే, కొల్లాజెన్ అదే. పీహెచ్ 3 దగ్గర వాటికి ఒకదాని మీద ఒకదానికి లేని ఇష్టం 4 దగ్గర కొత్తగా పుట్టలేదు. చుట్టూ ఉన్న పరిస్థితిని బట్టి ఏ అమరికలో మొత్తం శక్తి తక్కువగా ఉంటుందో అది మారింది. బంధం అనేది రెండు పరమాణువుల సొంత గుణం మాత్రమే కాదు, వాటి పరిసరాల లెక్క కూడా అందులో ఉంటుంది. అష్టకం పూర్తయిందా లేదా అన్న ప్రశ్నతో ఆ రాత్రి నేను చేసిన తప్పును వివరించలేము.

కొల్లాజెన్ నిర్మాణాన్ని లోకానికి చెప్పింది కూడా ఈ ఊరే. గిండీలోని మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్.రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి 1954-55లో అది మూడు పేటల మెలిక అని ప్రకటించారు. ఆ పేటలను దగ్గరగా పట్టి ఉంచేవి హైడ్రోజన్ బంధాలు, అంటే ఒక పేటలోని హైడ్రోజన్‌కు పక్క పేటలోని ఆక్సిజన్‌తో ఉండే ఆకర్షణలు. ఒక్కొక్కటి బలహీనమైనదే, మోల్‌కు ఇరవై కిలోజౌళ్ళ స్థాయిది. అక్కడ ఎలక్ట్రాన్‌ను ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు, ఎవరికీ కొత్తగా ఎనిమిది పూర్తి కాలేదు. అయినా ఆ బంధాల మీదనే మన చర్మం, కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులు, ఎముకలు ఆధారపడి ఉన్నాయి. హైడ్రోజన్ బంధం అంటే ఏమిటో అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంఘం 2011లో కొత్తగా నిర్వచించినప్పుడు, ఆ పనికి నాయకత్వం వహించినది బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు (ఐఐఎస్సీ) చెందిన ఇ.అరుణన్. బంధం అన్న మాటకు హద్దులు ఎక్కడ గీయాలన్నది ఈనాటికీ పెద్దలు చర్చించుకుంటున్న విషయమైనప్పుడు, పదో తరగతి పుస్తకం దాన్ని ఎనిమిది అన్న ఒక్క అంకెతో ముగించడం నాకు బాధ కలిగిస్తుంది.

ఎదుటి వాదం

నా మిత్రుడొకరు నెల్లూరులో ముప్పై ఏళ్ళు జూనియర్ లెక్చరరుగా పనిచేసి, ఇప్పుడు కొడుకు దగ్గర వేళచ్చేరిలో ఉంటున్నారు. ఈ విషయం ఆయనతో చెబితే, "పదిహేనేళ్ళ పిల్లలకు ముందు ఒక మెట్టు కావాలండీ. మీరు మేడ మీద నిలబడి మెట్టు తప్పంటున్నారు" అన్నారు. ఆ మాటలో ఉన్న న్యాయాన్ని నేను కాదనలేను. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్‌ల విషయంలో అష్టక నియమం దాదాపుగా ఎప్పుడూ సరైన సూత్రాన్నే ఇస్తుంది, మన ఒంట్లోని అణువులలో అత్యధికం వీటిలో మొదటి మూడింటితో, హైడ్రోజన్‌తో తయారయ్యాయి. ఎలక్ట్రాన్లకు గుర్తుగా చుక్కలు పెట్టి నిర్మాణాలు గీయగలిగిన పిల్ల ఏ పెద్ద లెక్కా లేకుండా అమ్మోనియాకు మూడు హైడ్రోజన్లే ఎందుకో చెప్పగలుగుతుంది. అది చిన్న సాధనమేమీ కాదు.

ఆ చుక్కలను 1916లో మనకు ఇచ్చిన గిల్బర్ట్ లూయిస్ కూడా మొదట బోధన కోసమే 1902లో ఘనాకారపు పరమాణువుల బొమ్మలు గీసుకున్నాడు. ఘనానికి ఎనిమిది మూలలు, మూలకొక ఎలక్ట్రాన్. అయితే ఆయనే తరువాత ఎనిమిది కన్నా రెండుకు, అంటే ఎలక్ట్రాన్ల జంటకు, ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చాడు. అష్టకాన్ని గట్టి నియమంగా ప్రచారంలోకి తెచ్చింది 1919 నుంచి ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్ చుట్టూ ఆరే ఉన్నాయి, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లో సల్ఫర్‌కు ఆరు బంధాలు ఉన్నాయి, నైట్రిక్ ఆక్సైడ్‌లో మొత్తం ఎలక్ట్రాన్లే బేసి సంఖ్య. ఎనిమిది నిండిన జడవాయువులు దేనితోనూ కలవవన్న నమ్మకాన్ని 1962లో నీల్ బార్ట్‌లెట్ జెనాన్‌తో పోగొట్టాడు. ఆయన ఆ ప్రయోగానికి పూనుకోవడానికి కారణం ఒక అంకెల పోలిక. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాగగలిగిందని తెలిసింది, ఆక్సిజన్ అణువుకు అందుకు కావలసిన శక్తి 1,175 కిలోజౌళ్ళు, జెనాన్‌కు 1,170. ఎనిమిదిని నమ్మి ఊరుకుంటే ఆ సీసా తెరిచేవారు కారు. శక్తి పట్టిక చూసినవారు తెరిచారు.

మినహాయింపులు ఉన్నందువల్ల నియమాన్ని తీసివేయాలని నా వాదన కాదు, మినహాయింపులు లేని నియమం రసాయనశాస్త్రంలో అరుదు. నా వాదన క్రమం గురించి. శక్తి లెక్క నుంచి అష్టకం వస్తుంది, అష్టకం నుంచి శక్తి లెక్క రాదు. సోడియం ఒక్క ఎలక్ట్రాన్‌తోనే ఎందుకు ఆగుతుందంటే, రెండో ఎలక్ట్రాన్‌ను తీయడానికి 4,562 కిలోజౌళ్ళు కావాలి. ఆ ఖర్చును ఏ స్ఫటికమూ మామూలు పరిస్థితులలో భర్తీ చేయలేదు. అందుకే లోపలి ఎనిమిది చెక్కుచెదరకుండా మిగులుతుంది. మిగిలిన ఆ ఎనిమిదిని చూసి అదే లక్ష్యమని మనం అంటున్నాము. పరిస్థితులు మారితే లెక్క కూడా మారుతుంది. లక్షల వాతావరణాల పీడనం కింద ఒక సోడియానికి మూడు క్లోరిన్లు, మూడు సోడియాలకు ఒక క్లోరిన్ ఉన్న పదార్థాలు ఏర్పడతాయని 2013లో ప్రయోగం చేసి చూపించారు. మిత్రుడికి ఇదే చెప్పాను: మెట్టును ఉంచండి, దాని పేరు మెట్టు అని పిల్లలకు చెప్పండి, ఎక్కిన తరువాత కనిపించేదాన్ని రాసిన పిల్లకు మార్కు ఇవ్వండి.

నా లెక్కలోని లోటు

శక్తి తగ్గడానికే బంధం ఏర్పడుతుందని చెప్పడం కూడా మరో కోరికల కథ కాదా అన్న సందేహం నాకే కలిగింది. శక్తికి మాత్రం తగ్గాలని ఇష్టం ఉంటుందా? ఉండదు. రెండు హైడ్రోజన్ పరమాణువులు శూన్యంలో ఎదురుపడితే, జంటగా ఉండటం వాటికి మోల్‌కు 436 కిలోజౌళ్ళ మేరకు లాభమే అయినా, అవి సాధారణంగా అతుక్కోకుండా ఢీకొని విడిపోతాయి. విడుదలయ్యే శక్తి ఎక్కడికైనా పోవాలి, దాన్ని తీసుకుపోవడానికి మూడో వస్తువు ఏదైనా ఉండాలి. నక్షత్రాల మధ్య ఉండే హైడ్రోజన్ అణువులు ఎక్కువగా ధూళి కణాల ఉపరితలం మీద ఏర్పడటానికి కారణం ఇదే. పైన చెప్పిన లాంగ్‌మ్యూరే ఈ శక్తిని పనికి పెట్టాడు. విద్యుత్ ఆర్క్‌లో హైడ్రోజన్ అణువులను విడగొట్టి, ఆ పరమాణువులు లోహం మీద తిరిగి కలిసేటప్పుడు వచ్చే వేడితో వెల్డింగ్ చేసే టార్చిని రూపొందించాడు. అష్టకాన్ని ప్రచారం చేసిన చేతితోనే బంధం ఏర్పడటం అంటే వేడి వెలువడటమని లోకానికి కళ్ళకు కట్టినట్లు చూపించాడు.

ఎలక్ట్రాన్ల జంటను పంచుకుంటే శక్తి ఎందుకు తగ్గుతుందన్నది మరింత లోతైన ప్రశ్న. 1927లో హైట్లర్, లండన్ హైడ్రోజన్ అణువుకు క్వాంటం సిద్ధాంతంతో లెక్క కట్టినప్పటి నుంచి దానికి జవాబు ఉంది. అయితే ఆ జవాబును మాటల్లో ఎలా చెప్పాలన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు. ఎలక్ట్రాన్లు రెండు కేంద్రకాల మధ్య చేరి రెండింటినీ లాగుతాయని మేము చదువుకున్నాము. ఒకే కేంద్రకం దగ్గర ఇరుకుగా ఉన్న ఎలక్ట్రాన్‌కు రెండు కేంద్రకాల చుట్టూ తిరిగే చోటు దొరికినప్పుడు గతిశక్తి తగ్గడమే తొలి కారణమని 1962లో క్లాస్ రూడెన్‌బర్గ్ చూపించాడు. జంట కూడా తప్పనిసరి కాదు. రెండు ప్రోటాన్లను ఒక్క ఎలక్ట్రాన్ సుమారు 255 కిలోజౌళ్ళ బలంతో పట్టి ఉంచగలదు. ఇవి పదో తరగతిలో చెప్పమని నేను అనడం లేదు.

నా లెక్కలో ఇంతకన్నా పెద్ద లోటు ఒకటి ఉంది, దాన్ని నాకు చూపించినది ఉప్పే. కేళంబాక్కం నుంచి కోవళం వెళ్ళే దారికి పక్కన ఉప్పు మడులు ఉన్నాయి. ఎండాకాలంలో ఆ దారిన వెళ్ళినప్పుడల్లా నేను కారు ఆపించి చూస్తాను. ఉప్పునీటిని మడి నుంచి మడికి మళ్ళిస్తూ, చిక్కబడే కొద్దీ బామే మీటరు వేసి చూస్తారు. ఆ మీటరు మీద 25 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి అడుగున తెల్లటి గింజ కట్టడం మొదలవుతుంది. చివర మిగిలే చేదు నీటిని, అందులోని మెగ్నీషియం లవణాలతో సహా, బయటికి వదిలేస్తారు. మనం తినే ఉప్పు గింజల్లో ఒక్కటి కూడా సోడియం పరమాణువు క్లోరిన్ పరమాణువుకు ఎలక్ట్రాన్ ఇవ్వగా పుట్టినది కాదు. ఆ అయాన్లు ఎప్పటి నుంచో సముద్రంలో ఉన్నవే. మడిలో జరిగింది ఇంతే: వాటిని పట్టి ఉంచిన నీరు ఆవిరై పోయింది, అవి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

ఇప్పుడు అదే కల్లుప్పును చారులో వేద్దాం. ఆ స్ఫటికాన్ని విడి అయాన్లుగా చేయడానికి మోల్‌కు 787 కిలోజౌళ్ళు కావాలి, అయినా గరిటె తిప్పేలోగా అది కరిగిపోతుంది. నీటి అణువుల ఆక్సిజన్ వైపు సోడియం అయాన్ల చుట్టూ, హైడ్రోజన్ వైపు క్లోరైడ్ అయాన్ల చుట్టూ చేరి దాదాపు ఆ మొత్తాన్నీ చెల్లిస్తాయి. దాదాపు అనడం ఎందుకంటే, లెక్క చూస్తే చివరకు సుమారు 4 కిలోజౌళ్ళు తక్కువే పడతాయి. నా వాదన ప్రకారమైతే ఉప్పు కరగకూడదు. కరుగుతున్నది కాబట్టి ఖాతాలో మరో పద్దు ఉందని ఒప్పుకోవాలి. అది ఎంట్రోపీ, క్రమం తప్పి విస్తరించే అవకాశాల సంఖ్య. మా బాయిల్ టెస్టులో పచ్చి చర్మం అరవై డిగ్రీలు దాటగానే ముడుచుకుపోవడం వెనక ఉన్నది కూడా ఇదే. వేడి పెరిగేకొద్దీ ఈ పద్దు బరువు పెరిగి హైడ్రోజన్ బంధాల రాబడిని మించిపోతుంది. ఇది నా వాదనను సవరిస్తుందే తప్ప ఎనిమిదిని తిరిగి గద్దె మీద కూర్చోబెట్టదు.

ఆ అమ్మాయి నేను చెప్పినవి వింటూ ఊరుకోలేదు. మరుసటి రోజు ఆ అంకెలను ఒక కాగితం మీద రాసుకుని తన టీచరుకు చూపించింది. టీచరు మార్కు మార్చలేదు, సిలబస్‌లో ఉన్న జవాబుకే మార్కు వేయగలనని చెప్పారట. అయితే ఆ కాగితాన్ని తన దగ్గర ఉంచుకుని, రెండు రోజుల తరువాత పిల్లను పిలిచి, 787 అన్న అంకె ఎక్కడిది, స్ఫటికాన్ని విడి అయాన్లుగా ఎవరు చీల్చి కొలిచారు అని అడిగారు. పిల్ల ఆ ప్రశ్నను నా దగ్గరకు తెచ్చింది. అది చాలా మంచి ప్రశ్న, నేనే ముందు చెప్పి ఉండవలసినది.

ఎవరూ నేరుగా చీల్చి కొలవలేదు. 1919లో మాక్స్ బోర్న్, ఫ్రిట్జ్ హేబర్ చూపించిన దారిలో చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఆ తరువాతి ఆదివారం మేమిద్దరం భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆ లెక్క వేశాము. ఉప్పును తిరిగి సోడియం లోహంగా, క్లోరిన్ వాయువుగా మార్చడానికి 411, ఆ లోహాన్ని ఆవిరి చేయడానికి 107, క్లోరిన్ అణువులను పరమాణువులుగా విడదీయడానికి 121, ఎలక్ట్రాన్‌ను తీయడానికి 496. వాటిని కూడి, క్లోరిన్ తిరిగి ఇచ్చే 349ని తీసివేసింది. 786 వచ్చింది.

"తాతగారూ, మీరు 787 అన్నారు కదా, ఆ ఒకటి ఎక్కడికి పోయింది?"

దశాంశాలను వదిలేసి కూడినందువల్ల పోయిందని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు, పుస్తకం తెరిచి మళ్ళీ వేసింది. 411.2, 107.3, 121.3, 495.8. ఒకదాని కింద ఒకటి పేర్చి, కూడి, 348.6 తీసివేసి, 787.0 అని రాసి, దాని కింద రెండు గీతలు గీసి, టీచరుకు చూపించడానికి ఆ కాగితాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకుంది.